లెయార్కో సుత్తి

నలభై ఒక్క ఏళ్లు చీజ్ చక్రాలను చిన్న సుత్తితో తట్టి
లోపలి సంగతి చెవితో చదివిన మనిషి
తన ఛాతీలో బిగుసుకుంటున్నదాన్ని మాత్రం
వినలేకపోయాడు.

ఆసుపత్రి కాగితం మీద డాక్టరమ్మ
ఎర్ర సిరాతో మూడు కొట్టివేతలు కొట్టింది.
వెన్న మీద ఒకటి, మీగడ మీద ఒకటి.
మూడోది కొట్టే ముందు కలం ఆపి మా ఆయన్ని చూసింది.
ఆమెదీ రెజ్జియో ఊరే,
ఎవరి ముందు దేన్ని కొట్టేస్తోందో తెలుసు.
"దాని బదులు నన్నే కొట్టెయ్యండి" అన్నాడు లెయార్కో
చొక్కా గుండీలు తప్పు కాజాల్లో దూరుస్తూ.

గురువారం మొదటిసారి చేశాను.
బూడిదరంగులో, గోడకి కాగితాలంటించే జిగురులా వచ్చింది.
కోళ్లకి వేస్తే
అవి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

ఇవాళ ఆదివారం.
పో నది మీంచి నడిచొచ్చిన పొగమంచు
వంటింటి కిటికీకి ముక్కు ఆనించి నిలబడింది.
గుడ్డు లేకుండా పిండి కలిపాను.
గుడ్డు లేని పిండి మొండిది.
తిట్టకుండా, తడిగుడ్డ కింద అరగంట పడుకోబెడితే
తనంతట తానే దారికొస్తుంది.
ఆ పద్ధతి అందరి మీదా పనిచెయ్యదు.

బల్ల మీద కాలీఫ్లవర్ పెట్టాను.
సొరుగు తెరిచిన చప్పుడు.
రిటైరైన రోజు ఇచ్చిన ఆ సుత్తి తీసి
పువ్వు నెత్తిన మూడుసార్లు తట్టాడు,
చెవి వంచాడు.
"ఎర్సీలియా, దీన్నిండా గాలే."
"ఉడకనీ" అన్నాను.

రాత్రి నానిన తెల్ల బీన్స్,
పొట్టుతోనే కాల్చి పిండిన వెల్లుల్లి,
గుప్పెడు జీడిపప్పు, గుప్పెడంటే నా గుప్పెడు, ఆయనది కాదు,
మెత్తబడ్డ పువ్వు, ఒక్క చెంచా ఆలివ్ నూనె,
గీరిన జాజికాయ.
పాస్తా ఉడికిన గంజి గరిటెడు గరిటెడుగా పోస్తూ
మిక్సీని అరవనిచ్చాను, అది అలిసేదాకా.
గురువారం చేసిన తప్పు ఇక్కడే,
గంజిని సింకులో పారబోశాను.
అన్నిటినీ కలిపి ఉంచేది అదేనని
యాభై ఏళ్లు వండిన చేతికి
ఇప్పుడా తెలియడం.

ఒకటి చెప్పాలి.
కింద నేలమాళిగలో ఆఖరి చక్రం ఇంకా ఉంది.
పారెయ్యలేదు, ఎవరికీ ఇవ్వలేదు.
అర్ధరాత్రి ఆయన లైటు వెయ్యకుండా దిగుతాడు.
పద్నాలుగు మెట్లు, పక్క మీంచే లెక్కపెడతాను.
తర్వాత టక్, టక్.
తినడు. వింటాడు, అంతే.
పైకొచ్చి చల్లటి పాదాలు నాకు తగలకుండా
ముడుచుకుని పడుకుంటాడు.
నేను నిద్రపోతున్నట్టే ఉంటాను.

వడ్డించాను.
పాత పేరుతో పిలవబోయాను.
"ఆ పేరు పెట్టకు" అన్నాడు, "దానికీ దీనికీ ఇద్దరికీ అవమానం."
సరే, పేరు లేకుండానే తిన్నాం.
ఫోర్కుకి చుట్టుకున్న ప్రతి ముద్దనీ
దొంగ సరుకు పట్టుకున్న కస్టమ్స్ వాడిలా
వెలుతురుకి ఎత్తి చూశాడు.
నమిలాడు. నన్ను చూడలేదు.
మళ్లీ చుట్టాడు.

నేను ఉప్పుడబ్బా ఎక్కడో పోయినట్టు
అలమరలో వెతుకుతూ నిలబడ్డాను.
వెనక రొట్టె తుంచిన చప్పుడు,
ప్లేటు తుడుస్తున్న చప్పుడు,
ఒక చుట్టు, ఇంకో చుట్టు.
తర్వాత టక్.

తిరిగి చూస్తే
ఖాళీ ప్లేటు అంచు మీద సుత్తి,
దాని మీదకి వంగిన నెరిసిన చెవి.
"పగులు లేదు" అన్నాడు.

ప్లేటు గురించేనా అని అడగలేదు.
అడిగుంటే అవునని ఉండేవాడు.
ఆయనే మళ్లీ, ముక్కు చీదుకుంటూ:
"జాజికాయ ఎక్కువైంది.
వచ్చే ఆదివారం తగ్గించు."