జిప్పు సగం తెరిచి

ఫర్వానియాలో ఈ రాత్రి గాలి లేదు.
ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్నాయి, ఒక్కో చుక్కా లెక్కపెట్టినట్టు.
వంటింటి వెనక గదిలో
రెండు మంచాల నడుమ ఇస్త్రీ బల్ల పరిచి
నేనూ సోమావతీ సంచి కుడుతున్నాం.

సంచి అంటే పెద్దదేం కాదు, అరచెయ్యంత.
బత్తాకా పట్టాలి, నాలుగు దీనార్లు పట్టాలి,
ఆమె బీపీ మాత్రల అట్ట
సగానికి మడిస్తే పట్టాలి.
గురువారం ఆమెకు కొలంబో విమానం.
పన్నెండేళ్ల తర్వాత, తిరుగు టికెట్టు లేకుండా.

పై గుడ్డ బాబా దిష్‌దాషాది.
చాయ్ ఒలికిందని పారెయ్యమన్నారు,
మరక లేని చోటు వెతికి కత్తిరించాను.
లోపలి గుడ్డ నాది.
రాయచోటి సంతలో కొన్న గళ్ల చీర.
ఇక్కడ దిగిన రోజు సూట్‌కేసు అడుగున పెట్టింది,
కత్తెర కోసమే బయటికి తీశాను.
జిప్పు దానా స్కూలు బ్యాగుది.
పళ్లన్నీ గట్టివే, తలే ఊడొచ్చేది.
పట్టకారుతో నొక్కితే మాట వింది.

నా తెలుగు ఆమెకు రాదు, ఆమె సింహళం నాకు రాదు.
వంటింటి అరబ్బీ ఇద్దరికీ వచ్చు:
ఉప్పు, మంట, తొందరగా, అయిపోయింది మామా.
(మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు.
మా ఊళ్లో చెబితే పగలబడి నవ్వుతారు.)
ఆ అరబ్బీలో కుట్టుకు మాట మాకెవరూ నేర్పలేదు.
అందుకని నా వేళ్లు పట్టుకుని చూపిస్తుంది.

గుడ్డకు మంచి మొహం, చెడ్డ మొహం ఉంటాయి.
తెల్లదాన్నీ గళ్లదాన్నీ ఒకటిగా జత చేసి
తెలుపూ తెలుపూ ఎదురెదురుగా పెట్టాలి.
ఒక అడుగు వెనక్కి, రెండడుగులు ముందుకి
సూది నడవాలి.
మా ఆయన చేసిన అప్పు కూడా
ఇలాగే తీరుతోంది.

మొదటి సంచి అన్ని వైపులా కుట్టేసి
దారం పంటితో కొరికి
తిప్పబోతే దారి లేదు.
జిప్పు మూసి కుట్టేశాను.
నోరు లోపలికి పోయింది.

సోమావతి నవ్వింది.
పైన మామా లేస్తుందని
దిండు మొహానికి అదుముకుని
భుజాలు కదిలేలా నవ్వింది.
తర్వాత రెండు వేళ్లు ఇంత ఎడంగా పెట్టి
"శ్వయ్య మఫ్తూహ్" అంది.
కొంచెం తెరిచి ఉంచు.
చివరి వైపు కుట్టే ముందు
జిప్పు సగం తెరిచి ఉంచు.
తర్వాత ఎంత గింజుకున్నా లాభం లేదు.

రెండోది కుదిరింది.
సగం తెరిచిన నోట్లో వేలు పెట్టి
పండక్కి బోటి కడిగేటప్పుడు పేగు తిరగేసినట్టు
లాగాను.
దానా పెన్సిలు మొనతో మూలలు పొడిచాను.
నాలుగో మూల కొంచెం బొద్దుగా వచ్చింది.
"తమామ్" అంది. బాగాలేదని నాకు తెలుసు.

గురువారం పొద్దున
బత్తాకా మామా తీసేసుకుంది,
ఇక ఆమెకు దానితో పనిలేదు కాబట్టి.
బత్తాకా కొలతకు కుట్టిన చోట
ఆమె ఇంకేదో పెట్టుకుంది.
నేను చూడలేదు, చపాతీలు కాలుస్తున్నాను.
జిప్పు చప్పుడు మాత్రం విన్నాను,
ఈ చివర నుంచి ఆ చివర దాకా.

మొదటి సంచి విప్పలేదు.
బ్లేడు ఉంది, తీరికా దొరుకుతుంది, అయినా.
నా గళ్లు బయటికి, బాబా తెలుపు లోపలికి.
జిప్పు తల లోపలే ఉంది,
గుడ్డ మీంచి గోటికి తగులుతుంది గానీ చేతికి రాదు.
తెరవాలంటే లోపల ఎవరైనా ఉండాలి.

రాత్రి గేటు తాళం పడ్డాక
దాన్ని కాసేపు తడిమి
దిండు కింద పెట్టుకుంటాను.

ఆదివారం కొత్తమ్మాయి వస్తుందట.
ఏ దేశమో చెప్పలేదు.
ఆ మంచం దుప్పటి మార్చాను.
సూదిలో దారం ఎక్కించి
గోడ క్యాలెండరుకు గుచ్చి ఉంచాను.