ఇరవయ్యో పేరు

మూడేళ్ళు మా అప్పడాల కొట్టు హాజరుపట్టీ
పంతొమ్మిది దగ్గరే ఆగింది.
ఇరవై అయితే పీఎఫ్ కట్టాలని
పాణిగ్రాహి బాబు ముందే చెప్పేడు.
ఇరవయ్యో మనిషి మాత్రం రోజూ వచ్చేది,
పర్లాకిమిడి పాత బస్టాండు దాటి, నడిచి.
ఆమె వత్తిన అప్పడంలోంచి
పేపరు చదవొచ్చు.
నా కాగితంలో ఆమె లేదు.

మొన్న ఎండకి మేడ మీద తూలిపడింది.
రిక్షాలో కళ్ళు తెరిచి
"పూట కూలి కొయ్యకండి బాబూ" అంది.
ఆ రాత్రే పట్టీ తీసి రాసేను:
సుగ్గు తవిటమ్మ.

పాత బాకీ, వడ్డీ, జరిమానా:
రెండు నెలల మినపప్పు సొమ్ము.
పదిహేనో తారీకు చలానా కట్టబోతే
కంప్యూటరు తిప్పికొట్టింది.
ఆధార్లో తబిటామా,
బ్యాంకులో తవితమ్మ.
"నా మిశుని" అన్నాడు పాణిగ్రాహి.
ఒడియాలో నా అంటే పేరు.
మనకి నా అంటే నాది.
రెండూ కలవలేదు.

ముగ్గురు పోయేక పుట్టిందట.
చేటెడు తవుడుకి పక్కింటికి అమ్మి
మళ్ళీ కొనుక్కున్నారట,
చావు కంట పడకుండా.
చావుకి దొరక్కుండా పెట్టిన పేరు
సర్కారుకీ దొరకట్లేదు.
నేనెందుకు దాచేనో మాత్రం
నన్ను ఎవరూ అడగలేదు.

దిద్దుబాటు ఫారం మీద
ఇద్దరం చేవ్రాలు చెయ్యాలట.
పిండి వేలితోనే ముద్ర వేసి
అప్పడాలు తిరగెయ్యడానికి మేడెక్కింది.
తెల్లటి ఆ ముద్ర పక్కన
నా సంతకానికి చోటు వెతుకుతూ
ఇంకా కూర్చునే ఉన్నాను.