తడి చెయ్యి

చేతికి తడి ఆరదు నాకు.
కళ్యాణకట్టలో పదకొండేళ్లు.
మగ్గుతో నీళ్లు పోసి, తల నానబెట్టి,
సగం బ్లేడు కత్తిలో బిగించి
నుదుటి నుంచి వెనక్కి, మెల్లగా.
ఎన్ని తలలో లెక్క పెట్టలేదు.
నానని తల తెగుతుందని
మొదటి రోజే చెప్పింది మునిరత్నమ్మక్క:
"నీళ్ల దగ్గర పిసినారితనం చెయ్యొద్దు మే."

ఆయమ్మకు రేపు ఆఖరి డ్యూటీ.

శాలువా ఎవరో తెస్తారంట.
చీర పెడదామంటే నెలాఖరు.
"చాక్లెట్లు చేసిద్దాం మా" అనింది జాహ్నవి.
ఎనిమిదో తరగతి, అన్నీ తెలుసు నా కూతురికి.
కోకో పొడి చిన్న ప్యాకెట్టు,
పది రూపాయల పాలపొడి పొట్లాలు నాలుగు,
వెన్న ఇంత,
చక్కెర ఇంట్లోదే మిక్సీకేస్తిమి.
నూటా ముప్పై.
ఇంకో పది దాటుంటే కోకో వెనక్కిచ్చేసుందును.

కొర్లగుంట సందులో మా రేకుల ఇల్లు.
గిన్నెలో నీళ్లు, నీళ్లపైన ఇంకో గిన్నె,
ఆవిరి తగిలి వెన్న జారిపోయింది.
కోకో పడిందో లేదో
పక్కింటి షకీరాబీ గోడ మీంచి తొంగి చూసింది,
"ఏం చేస్తా ఉండారు, సందంతా వాసన?"
సందుకంతా ఆమె ఇంట్లోదే ఫ్రిజ్జు.
రెండు ఐసు ట్రేలకు చోటు అడిగి పెట్టుకున్నాం.

గరిటె తిప్పేకొద్దీ నిగనిగలాడింది,
నూనె పెట్టి దువ్విన జడ మాదిరి.
నాకు పోలికలు ఆడికే పోతాయి, ఏం చేసేది.
ట్రేలో పోద్దామని
చెయ్యి కడుక్కుని వచ్చినా.
వేలి కొస నుంచి ఒక చుక్క,
దాని వెనకాలే ఇంకొకటి.

బిగుసుకుపోయింది మొత్తం.
తడి ఇసక మాదిరి, గడ్డలు గడ్డలు.
"నీళ్లు తగలకూడదని చెప్పలేదా మా?"
చెప్పింది. నాకే ఎక్కలేదు.
పదకొండేళ్లు నీళ్లే నా చేతిని కాపాడినాయి,
నీళ్లు పడితే చెడేది ఒకటుంటుందంటే
ఎట్లా నమ్మేది?

పారేసేదానికి మనసు రాలేదు. నూటా ముప్పై.
పిసినారితనం చెయ్యొద్దు మే.
సరే, చుక్కతో చెడింది,
గరిటెడు పోసి చూద్దాం.
వేడి పాలు. తిప్పు. ఇంకో గరిటె.
మొండికేసింది, మొండికేసి
ఉన్నట్టుండి మెత్తబడింది.
నిగనిగ పోయింది. అచ్చులో నిలిచేది కాదు ఇంగ.
ట్రేలు ఖాళీగానే గూట్లోకి పోయినాయి.

ఉంటలు చుడితిమి,
వేయించి దంచిన చెనక్కాయల పొడిలో దొర్లించి.
చుట్టే ముందు నా చేతులు రెండూ
తువ్వాలుతో మూడుసార్లు తుడిచింది జాహ్నవి,
వేలు వేలు విడదీసి,
చంటిబిడ్డకు తుడిచినట్టు.
ఇరవై నాలుగు. రుచికి ఒకటి, షకీరాబీకి రెండు.

పాత మిఠాయి డబ్బాలో
పెండ్లిపత్రిక అట్ట కోసి గళ్లు.
మూత మీద, మునిరత్నమ్మ అవ్వకు.
కింద చిన్నగా, నాకు చూపించకుండా,
మా అమ్మకు కత్తి పట్టేది నేర్పించినందుకు.

షిఫ్టు దిగే ముందు ఇచ్చినా.
అక్కకు పై పండ్లు లేవు.
రోజూ చూసే నోరే,
రాత్రంతా గుర్తుకు రాలేదు.
ఉంట నోట్లో వేసుకుని
కండ్లు మూసుకుని ఊరకే కూర్చుంది.
బాగుందనలేదు, బాగలేదనలేదు.
మూత మీది రాత చదివిందో లేదో,
డబ్బా మాత్రం వొళ్లోనే పెట్టుకుంది.

ఇంతలో ఒక బిడ్డ, మూడేళ్లుంటాయి,
తల్లి చంకలో ఒకటే ఏడుపు.
"ఇట్లా తే" అనింది అక్క.
నేను చేస్తానంటే వినలేదు.
బిడ్డ పిడికిట్లో ఒక ఉంట పెట్టింది.
ఏడుపు ఆగి, వెక్కిళ్లు మాత్రం మిగిలినాయి.
మగ్గెత్తి నీళ్లు పోసింది,
కావాల్సినదానికన్నా ఎక్కువే.

నీళ్లు చెంపల మీదుగా కారి
పిడికిట్లోకి పోయినాయి.
బిడ్డ నాకతానే ఉంది.