మెట్ల కమ్మీ

టార్టులో మంచు కురిసే శనివారం.
లైబ్రరీ నేలమాళిగలో పాత కంప్యూటర్లకి కొత్త ప్రాణం.
"బొమ్మల ఇన్‌స్టాలర్ పెట్టండి, మౌస్‌తో నాలుగు నొక్కులు,
పసిపిల్లైనా చేసేస్తుంది" అంటాడు ఇంద్రెక్.
నిజమే. టీ మరిగేలోపు వాడి డబ్బా సిద్ధం.

లెయిదా ఏమీ అనలేదు.
మానిటర్ తీగ పీకి పక్కన పెట్టి
బ్రెయిలీ పట్టీ తగిలించింది.
ఒక్కో వరుసా ఆమె వేళ్ల కింద లేచి నిలబడింది:
భాష? కీబోర్డు? ఏ డిస్కు?
"అంతా చెరిపేయనా?" దగ్గర
చూపుడువేలు వెనక్కెళ్ళి
మళ్ళీ చదివింది.
అవును.

పోయిన వారం అదే ప్రశ్న
నాకు నున్నటి నీలి బొత్తాంలా కనిపించింది.
చదవకుండా నొక్కాను.
మూడేళ్ళ ఫోటోలు.

"కష్టమా?" అన్నాడు ఇంద్రెక్.
"మెట్లే. కానీ పట్టుకోడానికి కమ్మీ ఉంది.
చక్కెర ఎక్కడ పెట్టారు?"