గుత్తికి కబురు అందలేదు

రోహుకూల రేవులో ఓడ టికెట్ల గది.
కిటికీ అవతల సముద్రం సగం గడ్డకట్టింది,
సగం ఇంకా ఆలోచిస్తోంది.
తుంటికి ఆపరేషనై మూడు నెలలు ఇంట్లో ఉండి
హెల్వె ఈ పొద్దునే తన కుర్చీలోకి తిరిగొచ్చింది.
తొంభై రోజులకోసారి పాస్‌వర్డు మార్చాలని కొత్త రూలు.
తాల్లిన్‌లో ఎవరో, ఆమె మొహం ఎరగనివాడు,
అక్కణ్ణుంచే దాన్ని మార్చేసి
కొత్తది కవర్లో పెట్టి పంపాడు.

వీధి తలుపు తెరుచుకుంది.
లోపలి బీరువా తెరుచుకోలేదు.
"పాత పాస్‌వర్డు చెప్పండి" అంది యంత్రం.
వద్దని నొక్కితే మళ్ళీ అంది.
మెయిలు తెరిస్తే అంది, వాతావరణం చూడబోతే అంది,
ప్రింటరు పేరెత్తితే అంది,
బాకీ వసూలుకొచ్చి గుమ్మంలో కూర్చున్నవాడిలా.

హాప్సాలు నుంచి నన్ను పిలిపించారు.
మంచు మీద వ్యాను జారుతుంటే
ఎలా చెప్పాలా అనుకుంటూ వచ్చాను.
ఇల్లు వేరు, గుత్తి వేరు, అన్నాను.
ఇంటి తాళం మార్చినవాడు గుత్తికి కబురు పెట్టలేదు.
నలభై ఒక్క తాళంచెవులున్నాయి దానికి,
ఒక్క చెవినా ఆ మాట పడలేదు.
అది ఇంకా పాత యజమానురాలి కోసం చూస్తోంది,
ఆ యజమానురాలు మీరే అయినా సరే.

"కొత్త గుత్తి చేసిస్తాను. ఖాళీది. రెండు నిమిషాలు."
"మరి లోపలున్నవి?"
"పోతాయి."
ఆమె వేళ్ళు మడిచింది: కస్టమ్స్, హీయుమా రేవు,
డీజిలు కంపెనీ, లారీల తూకాల లెక్క,
మంచు మందం కొలిచే స్టేషను,
అది పెట్టిన ఎండెల్ రిటైరై ఎటో వెళ్ళిపోయాడు.
"పోవడానికి వీల్లేదు."

అయితే పాతది గుర్తు తెచ్చుకోండి, అన్నాను.
"ఆరేళ్ళుగా అదే. నోటికి రాదు. చేతికి వస్తుంది."

చేతికీ రాలేదు.
ఆమె లేనప్పుడు ఎవరో కాఫీ ఒలకబోసి
కీబోర్డు మార్చారు. పల్చటిది, ఎత్తు లేనిది.
ఇంకో మెట్టుందనుకుని కాలేసి తూలినట్టు
ఒక్కో మీట దగ్గరా వేలు తూలింది.
మూడుసార్లు. మూడుసార్లూ ఆ చిన్న గడి
తల అడ్డంగా ఊపింది. నిజంగానే ఊపుతుందది.

పాతది లైఫ్ జాకెట్ల బీరువాలో దొరికింది,
నెత్తిన అల మోసే ఓ అక్షరం పూర్తిగా అరిగిపోయి,
మీటల కింద కాఫీ ఎండిపోయి.
తగిలించాను.
ఆమె కళ్ళజోడు పెట్టుకుని
ఒక్కోటీ చూసి చూసి కొట్టింది. తప్పు.

అప్పుడే ఓడ కూత పెట్టింది.
అలవాటు కొద్దీ ఆమె కిటికీ వైపు తిరిగి
వరసలో ఉన్న కార్లు లెక్కపెట్టసాగింది:
ఏడు, ఎనిమిది, ఒక పాల ట్యాంకరు.
నేను ఓడను చూడలేదు. చేతుల్ని చూశాను.
అవి ఆమెనడక్కుండానే బయల్దేరి,
అరిగిన అక్షరం దగ్గర ఒక్క క్షణం ఆగి,
పదమూడు చుక్కలు పెట్టి,
ఎంటర్ మీద చిటికెన వేలు వాల్చాయి.

యంత్రం నోరు మూసింది.

గుత్తికి కొత్త మాట చెప్పబోతే
పాతది ఇంకోసారి అడిగింది.
ఓడ వైపు చూడండి, అన్నాను.

ఇప్పుడు ఇంటికీ గుత్తికీ ఒకటే మాట.
"ఈసారి తొంభయ్యో రోజున మీరే ఇక్కడ కూర్చుని
పాతది ఇచ్చి కొత్తది పెట్టండి.
అప్పుడు రెంటికీ తెలుస్తుంది.
తాల్లిన్‌ను మాత్రం ముట్టుకోనివ్వకండి."
ఆమె సగమే విన్నది.
"ఇంతకీ ఏమిటది? పాతది?"
నాకు చుక్కలే కనిపించాయన్నాను.
చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది,
ఎవరో మరిచిపోయిన తొడుగుల్ని చూసినట్టు.

పాత కీబోర్డు బుట్టలో వేయబోతుంటే
నా చేతిలోంచి లాక్కుని,
వెనక టేపు అంటించి రాసింది: పారేయొద్దు.
కింద తారీఖు వేసింది, సంతకం పెట్టింది.
టికెట్టింకా ఇవ్వలేదని
బయట పాల ట్యాంకరు హారను మోగిస్తోంది.