వయా

హన్మకొండ బస్టాండుల పొద్దుగాల నాలుగున్నరకు
యాకూబలి గంప తెచ్చి నా సీటు కింద పెడ్తడు.
పైన తడిబట్ట. లోపల ఐదు గొంతులు,
ఎసరు మరుగుతున్నట్టు గురగుర.
కోడైతే టికెట్ కొట్టాలె.
పావురం ముచ్చట రూలుబుక్కుల నాకు కనపడలే,
గట్టిగ వెతకలే కూడ.

నిజామాబాదుకు రోడ్డు మీద రెండు వందల ముప్ఫై.
గాలిల నూట డెబ్బై ఐదు.
నోటుబుక్కుల స్కేలు పెట్టి గీసి చూపిచ్చిండొకసారి:
గిర్మాజీపేట మిద్దె మీద మొదలైన గీత
నడుమ ఏ ఊరినీ పలకరియ్యకుండ పోయింది.
"మరి ఆ యాభై ఐదు ఎవరు మింగిన్రక్కా?"
నేనే మింగినట్టు అడుగుతడు.

ఎవరని చెప్పాలె?
హుజూరాబాదు చాయ్ కొంత,
గంగాధర కాడ గొర్లమంద కొంత.
కొండగట్టుల గుండు గీయించుకున్న పిలగాని టోపీ
కిటికీలకెల్లి ఎగిరిపోతే
బస్సాపిచ్చి వెనకకు ఉరికిన తండ్రి.
తప్పు బస్సెక్కినని కోరుట్లల తెలిసి
ఏడ్వాల్నా నవ్వాల్నా అర్థంగాక
నాతోని మెట్‌పల్లి దాంక వచ్చిన ముసలామె.

డిపో వెనక పిట్టగోడ మీద గంప పెట్టి
సరిగ్గ పదకొండుకు మూత తీస్త.
ఒక్కటే చుట్టు.
మీద గుడ్డ దులిపినంత చప్పుడు.
ఆగ్నేయం మూల ఎవరో పిలిచినట్టు
అటు తిరిగి చిన్నగైతయి, చుక్కలైతయి, ఏం లేదు.
నేను ఈల కొడ్త. బస్సు కదుల్తది.
ఇద్దరం ఒక్క టైముకే బయలెల్లినం.

ఒంటిగంట ముప్ఫై ఐదుకు మిస్డ్ కాల్.
అంటే మొదటిది మిద్దె మీద దిగింది.
నేనింక జగిత్యాలల ఉన్న,
ఐదు రూపాయల చిల్లర కోసం ఒకాయన
నా తాతలదాక పోయిండు.

ఆ బేస్తవారం నాలుగే దిగినయి.
సుర్మా రాలే.
డేగ అన్నరు, మాంజా అన్నరు.
యాకూబలి ఏమన్లే. జొన్నల పళ్లెం తియ్యలే.
నోటుబుక్కుల దాని గీత ముందర పెన్ను పెట్టి
మళ్లా జేబుల పెట్టుకున్నడు.

పదకొండో దినం వచ్చింది.
అలసి కాదు, ఒళ్లు చేసి వచ్చింది!
కుడికాలికి పసుపు దారం,
ఎవరో ఆడమనిషి వేసినట్టున్న ముడి.
ఎవలింట్ల తిన్నది, ఏ దూలం మీద పన్నది,
పోతా అంటే ఎవలు వద్దన్నరు?

"దూరం నూట డెబ్బై ఐదు, టైము పదకొండు దినాలు.
ఇట్ల రాస్తె నవ్వుతరు అక్కా, ఏం రాయాలె?"
నాకు తెలిసిన మాట ఒక్కటే,
మా బస్సు నుదుటి మీద ఉండేది. అదే చెప్పిన.
వయా అని రాసి
దాని పక్కన జాగ ఇడిసిపెట్టిండు.

తెల్లారి నాలుగున్నర. గంప నా సీటు కింద.
ఐదు గొంతులు.
దారం ఎవరూ ఇప్పలే.