ఏడు మిల్లీమీటర్ల గాలి

ఆటోనగర్ మూడో రోడ్డు స్పీడ్‌బ్రేకర్ ముందు
కాసేపు ఆలోచించింది ఆ కారు.
కుచ్చిళ్ళెత్తుకుని గడప దాటే మనిషిలా
ఓరగా తిరిగి
ఒక్కో చక్రమే దించుకుంటూ వచ్చింది.

పొట్ట నేలకి ఆనుతోంది.
దిగిన కుర్రాడు
"నాంచారమ్మగారూ, జాకీ ప్యాడ్ కావాలి, ఎర్రది" అన్నాడు.
ఎర్రదెందుకయ్యా అంటే
చక్రం లోపలి బ్రేకులకి మ్యాచింగట.

రంగు తర్వాత. ముందు సందెంతో చెప్పు.

ఖాజావలి బోర్లా పడుకుని
చెంప సిమెంటుకి ఆనించి స్కేలు దూర్చాడు.
నేల నుంచి అంచుకి నూట పది.
మా జాకీ ఎంత కుంగినా ఎనభై ఐదు.
మిగిలింది పాతిక.
నేనేది అమ్మినా ఆ పాతికలో ఇమడాలి.

అరలోంచి తీశాను.
నలభై మందం, బందరు లడ్డంత ఎత్తు, జీపులవాళ్ళది. వద్దు.
ముప్ఫై పోదు. పోదని తెలిసీ దూర్చి చూశాడు కుర్రాడు.
అల్యూమినియంది సన్నమే, ఎర్రదే, మెరుస్తోంది,
చాలాసేపు చేతిలోంచి వదల్లేదు.
లోహం మీద లోహం జారుతుంది బాబూ,
ఆయిలు తాగిన ఈ నేల మీద మరీను.

చివరికి నల్ల రబ్బరు ముక్క, పద్దెనిమిది.
నడుమ ఒకటే గాడి.
గోరుతో నొక్కాను. దిగలేదు, కానీ ఒప్పుకుంది.
మెత్తనిదైతే పిండిలా పరుచుకుంటుంది
మరీ గట్టిదైతే పగులుతుంది.
ఇరవై రెండేళ్ళుగా నా బొటనవేలికి తెలిసిన లెక్క,
బిల్లు పుస్తకంలో దీనికి గడి లేదు.

జాకీ లోపలికి జరిగింది.
ప్యాడ్‌కీ కారుకీ మధ్య ఏడు మిల్లీమీటర్ల గాలి.
ఖాజావలి ఊపిరి బిగబట్టాడు, కుర్రాడూ.
నేను చిల్లర లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఒక పంపు. ఇంకొకటి.
అంచు గాడిలో కూర్చుంది,
పాత చెప్పులో బొటనవేలిలా.
కిర్రుమనకుండా లేచింది.

ఆ కారు కింద మొదటిసారి వెలుగు పడింది.
ఎండిన వేపాకు, తుప్పు, గీతల మీద గీతలు.
ఏలూరు రోడ్డు గుంతలన్నీ
అక్కడ సంతకాలు పెట్టి ఉన్నాయి.
కుర్రాడు వంగి చూసి
"ఇంత తగిలిందా" అన్నాడు, నాతో కాదు.

స్టాండ్లు పడేదాకా
ఎవర్నీ తల దూర్చనివ్వలేదు ఖాజావలి.

సాయంత్రం ప్యాడ్ తిరిగి తెచ్చాడు కుర్రాడు,
పనైపోయింది, సగం డబ్బులిస్తారా అని.
వేలు పెట్టి చూశాను.
గాడి పక్కన సన్నటి నొక్కు, ఇంకా పూడలేదు.
ఒకసారి మోసిందయ్యా, ఇక నీదే.
డిక్కీలో పడుకోనీ.
ఎర్ర పెయింటంటావా,
పక్క కొట్లో దొరుకుతుంది.